జీన్ ఐడీలను టేబుల్‌లోకి మార్చేటప్పుడు

జీనోమిక్స్ డేటాతో పనిచేసే ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లకు త్వరగానే తగిలే పని ఇది. చేతిలో ఎంట్రెజ్ నంబర్లుంటాయి, రిపోర్టులోకి జీన్ పేర్లు కావాలంటారు. 7157 అంటే టీపీ53 అన్న సంగతి ఆర్ భాషలో వాడే బయోకండక్టర్ వారి ఆర్గ్.హెచ్ఎస్.ఈజీ.డీబీ ప్యాకేజీలో ఉంది. అయితే మామూలు టేబుల్‌గా కాదు, బైమ్యాప్ అనే ప్రత్యేక ఆబ్జెక్టుగా.

చాలామంది దాన్ని ముందు లిస్టుగా మార్చి, ఆ లిస్టును డేటాఫ్రేమ్ చేయబోతారు. అప్పుడు ఒక్కో ఐడీ ఒక్కో కాలమ్ అయిపోతుంది. ఒకదానికి రెండు విలువలు, ఇంకోదానికి మూడు ఉన్నాయా, ఎర్రర్ ఖాయం. ఇంత చుట్టూ తిరగక్కర్లేదు. ఆ ఆబ్జెక్టును నేరుగా టూటేబుల్ ఫంక్షన్‌కి ఇవ్వండి. జీన్ ఐడీ ఒక కాలమ్‌లో, సింబల్ ఇంకో కాలమ్‌లో చక్కగా వస్తాయి.

అసలు జాగ్రత్త ఇక్కడి నుంచే మొదలవుతుంది. జత దొరకని ఐడీలు టూటేబుల్ ఇచ్చే టేబుల్‌లో ఉండవు, ఎర్రరూ రాదు. ఎన్‌సెంబుల్ ఐడీలతో ఇంకో చిక్కు. ఒకే ఎంట్రెజ్ నంబరుకు ఒకటికి మించి ఉండొచ్చు. ఆ టేబుల్‌ను మీ ఎక్స్‌ప్రెషన్ డేటాతో జాయిన్ చేస్తే ఒకే జీన్ రెండు మూడు వరుసల్లో కనిపిస్తుంది, తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి. టూటేబుల్ బదులు మ్యాప్‌ఐడీస్ ఫంక్షన్ వాడితే వరుసలు పెరగవు గానీ, మీరు వేరేలా చెప్పకపోతే అది మొదట దొరికినదాన్ని ఉంచుకుని మిగతావి వదిలేస్తుంది. ఆ నిర్ణయం మీరు తీసుకోవాల్సింది, ఫంక్షన్‌కి వదిలేయకూడదు. అందుకే జాయిన్‌కు ముందు ఎన్ని వరుసలున్నాయి, తర్వాత ఎన్ని ఉన్నాయి అని ప్రతిసారీ చూసుకోండి.

ఎంట్రెజ్ ఐడీ అంకెల్లో కనిపించినా ఈ టేబుల్‌లో అది క్యారెక్టరే. మీ ఫైల్లో అది నంబరుగా ఉంటే డిప్లైర్ జాయిన్ ఒప్పుకోదు. మీవైపు ఐడీనే క్యారెక్టర్‌గా మార్చుకోండి.

చివర్లో ఫైలును ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేసే అలవాటుంటే మానుకోండి. మార్చ్1, సెప్ట్2 లాంటి జీన్ పేర్లను అది తేదీలుగా మార్చేసేది. ఆ బాధ పడలేకే జీన్ పేర్లను ఖరారు చేసే కమిటీ వాటిని మార్చ్ఎఫ్1, సెప్టిన్2 అని మార్చింది, 2020లో కొత్త నియమాలూ ప్రకటించింది. పాత ఫైళ్లలో ఆ తేదీలు ఇంకా అలాగే ఉన్నాయి.

ఎన్ని ఐడీలకు జత దొరకలేదో, రెండేసి ఉన్నచోట దేన్ని ఎందుకు ఉంచారో రిపోర్టులో రెండు వాక్యాలు రాయండి. మీ తర్వాత ఆ పని చేసేవాళ్లకు అవి చాలా అవసరం.