పాఠం 9: ముఖ మర్దనకు ఏ సాధనం ఎంచుకోవాలి?

9.1 ఉపోద్ఘాతం

పసిబిడ్డకు నూనె రాసి ఒళ్లు పట్టడం, పండుగనాడు నలుగు పెట్టి తలంటడం మనకు తెలిసిన పనులే. వీటన్నిటికీ సాధనం మన చెయ్యే. ఇప్పుడు ముఖానికి మర్దన చేయడానికి రాతి రోలర్లు, గువా షా పలకలు, కంచు బుడిపెలు దుకాణాల్లో దొరుకుతున్నాయి. ప్రతిదాని గురించీ ఏదో ఒక గొప్ప చెబుతారు. వీటిలో ఏది కొనాలి? అసలు కొనాలా? మీరు ఇంట్లో వాడుకోదలచినా, బ్యూటీ పార్లర్ పని నేర్చుకుంటూ ఇతరుల ముఖం మీద వాడవలసి వచ్చినా, ఈ ప్రశ్నకు జవాబు తెలిసి ఉండాలి. పొరపాటు జరిగితే డబ్బు పోవడమే కాదు, ముఖంపై మచ్చ కూడా మిగిలిపోవచ్చు.

9.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• మర్దన వల్ల ముఖానికి కలిగే మేలును, దానికున్న పరిమితులను వివరించగలుగుతారు.
• వేర్వేరు సాధనాల మధ్య తేడాలు చెప్పగలుగుతారు.
• ఎవరికి మర్దన చేయకూడదో గుర్తించగలుగుతారు.

9.3 మర్దన ఏం చేస్తుంది?

మర్దన చేసిన చోట రక్తప్రసరణ కొంతసేపు పెరుగుతుంది. 2018లో ప్రచురితమైన ఒక జపాన్ పరిశోధనలో, చెంపపై 5 నిమిషాలు రోలర్ తిప్పిన తర్వాత 10 నిమిషాలకు పైగా అక్కడ రక్తప్రసరణ ఎక్కువగా ఉన్నట్లు తేలింది. అందుకే మర్దన తర్వాత ముఖం కళగా కనిపిస్తుంది.

రెండవది ఉబ్బు. రాత్రంతా పడుకోవడం వల్ల కళ్ల చుట్టూ నీరు చేరి, ఉదయం ముఖం ఉబ్బినట్లు ఉంటుంది. ఈ నీరు శోషరసంగా మారి సన్నని నాళాల గుండా మెడవైపు పోతుంది. ఈ నాళాలు చర్మం కిందనే ఉంటాయి. కాబట్టి వాటికి తేలికపాటి ఒత్తిడి చాలు. గట్టిగా అదిమితే ఎక్కువ ప్రయోజనం ఉంటుందనుకోవడం పొరపాటు.

అయితే ఈ ఫలితాలు తాత్కాలికమైనవి. మర్దన వల్ల ముఖంలోని కొవ్వు కరగదు, దవడ ఆకారం మారదు. ఇస్త్రీ చేసినట్లు ముడతలు పోవు. ఒంట్లోని వ్యర్థాలను బయటికి పంపే పని కాలేయం, మూత్రపిండాలు చేస్తాయి. ఏ రాయీ చేయదు.

9.4 సాధనాల పరిచయం

చేతివేళ్లు: ఖర్చు లేదు. ఎక్కడ నొప్పిగా ఉందో, ఎక్కడ మొటిమ ఉందో వేలికి వెంటనే తెలుస్తుంది. కొత్తగా నేర్చుకునేవారు వేళ్లతోనే మొదలుపెట్టాలి.

రోలర్: చర్మాన్ని ఎక్కువగా లాగకుండా దొర్లుతుంది. రాయి చల్లగా ఉండటం వల్ల ఉదయపు ఉబ్బు కొంత తగ్గుతుంది. ఇక్కడ మేలు చేసేది చల్లదనమే. రాయి పేరు, రంగు కాదు. చల్లని నీళ్లలో ఉంచి తీసిన స్టీలు చెంచా వెనకవైపు కూడా ఈ పని చేస్తుంది. రోలర్‌లో లోపం ఇరుసు దగ్గర ఉంటుంది. అక్కడ జిడ్డు చేరుతుంది, శుభ్రం చేయడం కష్టం.

గువా షా పలక: ఇది చైనా పద్ధతి. అక్కడ వీపు వంటి చోట్ల ఎర్రని చారలు తేలేవరకు గీరుతారు. ముఖానికి అలా చేయకూడదు. నూనె రాసి, పలకను నిలబెట్టకుండా చర్మానికి దాదాపు ఆనించి మెల్లగా జరపాలి. దవడ బిగుసుకుపోయినవారికి హాయిగా ఉంటుంది. అంచు నున్నగా ఉండాలి. కింద పడి పెచ్చు ఊడితే ఇక వాడకూడదు.

కంచు బుడిపె: కర్ర పిడికి అమర్చిన కంచు బిళ్ల. అరికాళ్లకు నెయ్యి రాసి కంచు గిన్నెతో రుద్దే పద్ధతి ఆయుర్వేద మర్దనల్లో ఉంది. దీనితో రుద్దినప్పుడు ముఖం బూడిదరంగుకు తిరగవచ్చు. దాన్ని చూపి, విషం బయటికి వచ్చిందని కొందరు చెబుతారు. కంచులో రాగి, తగరం ఉంటాయి. కళాయి లేని రాగి గిన్నెలో పులుపు పెడితే చిలుము పట్టడం మీరు చూసే ఉంటారు. ఇదీ అలాంటిదే. చర్మంపై ఉండే ఆమ్లాలు, చెమట లోహానికి తగలడం వల్ల ఆ రంగు వస్తుంది. కడిగితే పోతుంది.

చేసి చూడండి

ఉదయం ముఖం కడిగి, ఎడమ కంటి కింద చల్లని చెంచాతోను, కుడి కంటి కింద ఉంగరపు వేలితోను ఒక్కొక్క నిమిషం మెల్లగా రాయండి. వెంటనే ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి అద్దంలో చూసి రాసుకోండి. వారం రోజులు ఇలా చేయండి. తేడా కనిపించకపోతే కొత్త సాధనం కొనవలసిన అవసరం లేదు.

9.5 ఎంపికకు ముందు చర్మాన్ని చూడండి

పార్లర్‌కు ఒకామె వచ్చిందనుకుందాం. చెంపలపై మంగు ఉంది. "గట్టిగా రుద్దమ్మా, మచ్చ పోతుంది" అని అడుగుతుంది. మీరేం చేస్తారు? మన చర్మంలో రంగునిచ్చే పదార్థం ఎక్కువ. రాపిడి వల్ల చర్మం కందితే అది ఇంకా ఎక్కువగా తయారై మచ్చ ముదురుతుంది. కాబట్టి ఆ చోట రుద్దడానికి ఒప్పుకోకూడదు. ఆ మాట మర్యాదగా చెప్పి, చర్మవైద్యుని దగ్గరికి వెళ్లమనడమే మంచి పనితనం.

కింది సందర్భాల్లో ఏ సాధనమూ వాడకూడదు:
• చీము మొటిమలు, పెదవిపై నీటి పొక్కులు, గాయాలు, ఎండకు కమిలిన చర్మం.
• తామర, సోరియాసిస్ ఉన్న చోటు, బొల్లి మచ్చలు. బొల్లి, సోరియాసిస్ ఉన్నవారికి రాపిడి తగిలిన చోట కొత్త మచ్చలు రావచ్చు.
• ఉన్నట్టుండి వచ్చిన వాపు. దీనికి కారణం వైద్యుడే చెప్పాలి.

రక్తం పలచబడే మందులు వాడేవారు, ముఖానికి ఇంజెక్షన్లు చేయించుకున్నవారు వైద్యుని అడగాలి. గుండెకు పేస్‌మేకర్ అమర్చినవారు విద్యుత్ ప్రవాహంతో పనిచేసే సాధనాలు వాడకూడదు.

చర్మం బాగుంటే తర్వాత అవసరం చూడండి. ఉబ్బు తగ్గడానికి చల్లని చెంచా లేదా రోలర్, దవడ బిగువుకు వేళ్లు లేదా పలక. ఆ తర్వాత శుభ్రం చేయడం సులువా అని చూడండి. ధర చివరిది. రెండు సాధనాలు ఒకే పని చేస్తే, సులువుగా కడగగలిగినదే మేలు.

9.6 వాడే పద్ధతి

చేతులు, ముఖం, సాధనం కడుక్కోండి. కొద్దిగా నూనె లేదా క్రీము రాయండి. ముఖం మధ్య నుంచి చెవుల వైపుకు, మెడపై పైనుంచి కిందికి జరపండి. మెడ రెండు పక్కలా నాడి కొట్టుకునే చోట్లను అదమకండి. 5 నిమిషాలు చాలు. నొప్పి పుట్టినా, చర్మం కందినా ఆపేయండి. పని అయ్యాక సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. పార్లర్‌లో ఒకరికి వాడినదాన్ని శుభ్రం చేసి, క్రిమిరహితం చేయకుండా మరొకరికి వాడకూడదు.

9.7 సారాంశం

మర్దన ముఖానికి కొంతసేపు కళను, హాయిని ఇస్తుంది. సాధనం చేసే పనిలో చాలావరకు చెయ్యి చేయగలదు. ముందు చర్మం, తర్వాత అవసరం, ఆపైన శుభ్రత, చివర ధర. ఎంపికలో ఈ వరుస మరచిపోకండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఖాళీలు పూరించండి.
1. రోలర్‌తో ఉబ్బు తగ్గడానికి తోడ్పడేది రాయి రంగు కాదు, దాని ______.
2. కంచులో ఉండే రెండు లోహాలు ______, ______.

తప్పో, ఒప్పో చెప్పండి.
3. గట్టిగా రుద్దితే మంగు పోతుంది.

ఆలోచించి రాయండి.
4. మీ దగ్గర ఉన్న డబ్బుతో ఒక్క సాధనమే కొనగలరు. ఏది కొంటారు, లేదా ఏదీ కొనరా? ఈ పాఠంలోని వరుస ప్రకారం కారణాలు రాయండి.

జవాబులు: 1. చల్లదనం 2. రాగి, తగరం 3. తప్పు