45 గజాల ఇల్లు: ఎండ బయట, చోటు లోపల

నర్మెట్టలో ఇందిరమ్మ ఇంటికి ముగ్గు పోసుకుంటున్నారా? బతుకుదెరువుకు పోయి ఉప్పల్‌లోనో బోడుప్పల్‌లోనో చిన్న పోర్షన్‌లో సర్దుకుంటున్నారా? ఈ చిట్కాలు మీకే. ఇందిరమ్మ ఇల్లు కనీసం 400 చదరపు అడుగులు, అంటే దాదాపు 45 గజాలు. స్లాబు పడకముందు మేస్త్రికి ఒక్క మాట చెబితే అయ్యే పనికి, పడ్డాక వేలు పోయాలి.

కట్టేటప్పుడు

1. మెట్లు, బాత్రూం పడమటి వైపు పెట్టించండి. మూడు గంటల ఎండ వాటి మీదే ఆగిపోతుంది, పడుకునే గది గోడ కాలదు. వాయవ్యంలో బాత్రూం అంటే వాస్తు చూసేవాళ్లూ కాదనరు.

2. కిటికీలు ఎదురెదురుగా రావాలి. ఒకే గోడకు రెండు పెడితే గాలి ఆడదు. పక్కింటి గోడ అడ్డముంటే కప్పు కిందనే వెంటిలేటర్ వదిలించండి, వేడిగాలి అటు పోతుంది.

3. మే నెలలో మనకు మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కాబట్టి దక్షిణం కిటికీకి చిన్న సజ్జ చాలు. పడమటి కిటికీకి వచ్చేది ఏటవాలు ఎండ, దాన్ని సజ్జ ఆపదు. బయటి నుంచి తడక కట్టండి.

4. వంటింటికి తలుపు వద్దు, పర్దా చాలు. రెండున్నర అడుగుల తలుపు తిరగడానికే ఐదు చదరపు అడుగులు పోతాయి. ఆ చోటూ మీదే, తలుపు డబ్బులూ మీవే.

5. వంటగది, బాత్రూం మీద ఏడడుగుల ఎత్తులో అటక పోయించండి. పెద్ద గిన్నెలు, చలికాలం దుప్పట్లు, పాత సామానంతా పైకెక్కితే కింద నడవడానికి దారి మిగులుతుంది.

6. లోపలి గోడలు లేచేటప్పుడే గూళ్లు వదిలించండి. దేవుడి పటాలు, పుస్తకాలు, డబ్బాలు వాటిలో ఒదిగిపోతే అల్మారా కొనే పని ఉండదు.

7. పని తెలిసిన మేస్త్రి దొరికితే ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి, మధ్యలో ఖాళీ ఉంచి గోడ కట్టించండి. కేరళలో లారీ బేకర్ వందల ఇళ్లకు వాడిన పద్ధతి ఇది. నాలుగో వంతు ఇటుకలు మిగులుతాయి, ఆ ఖాళీ లోపలికి వచ్చే వేడిని తగ్గిస్తుంది.

కాపురం పెట్టాక

8. శివరాత్రి వెళ్లగానే స్లాబు కడిగి, జిగురు కలిపిన తెల్ల సున్నం రెండు పూతలు వేయండి. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చిందీ ఇందుకే.

9. మేడ మీద బకెట్లలో దొండ, బీర పెట్టి పందిరి అల్లించండి. స్లాబుకు నీడ, ఇంటికి కూర; గిన్నెలు కడిగిన చివరి నీళ్లతోనే పాదులు బతుకుతాయి.

10. పొద్దున తొమ్మిదికల్లా కిటికీలు మూసి, పొద్దుగూకాక అన్నీ బార్లా తెరవండి. కిటికీలకు దోమల జాలీ కొట్టిస్తే రాత్రంతా తెరిచే ఉంచొచ్చు, పైసా కరెంటు లేకుండా గోడలు చల్లారతాయి.

11. కూలర్‌ను గది మధ్యలో పెట్టకండి, కిటికీకి బయట పెట్టి ఎదురు కిటికీ జానెడు తెరవండి. అన్నీ మూస్తే చల్లదనం రాదు, చెమట జిడ్డే మిగులుతుంది.

12. పాత ఫ్యాను 75 వాట్లు తింటే, బీఎల్‌డీసీ ఫ్యాను 30 దగ్గర ఆగుతుంది. గృహజ్యోతి జీరో బిల్లు రావాలంటే నెలకు 200 యూనిట్లు దాటకూడదు కదా, ఎండాకాలం మీటరును కాపాడేది ఇదే.

13. ఫ్రిజ్‌ను పడక గదిలో పెట్టకండి, దాని వెనక వేడి రాత్రంతా మీకే తగులుతుంది. గోడకు జానెడు దూరం జరిపితే కరెంటూ తక్కువ కాలుతుంది.

14. కింద అరలున్న మంచం ఒకటి, మడత మంచం ఒకటి చాలు. చుట్టాలొస్తే రెండోది విప్పండి, వెళ్లాక తలుపు వెనక్కి నెట్టండి.

15. ఇందిరమ్మ డబ్బు విడతల్లో వస్తుంది, మీరూ మేస్త్రికి విడతల్లోనే చెప్పండి: 1వ చిట్కా ముగ్గు రోజున, 2 నుంచి 7 దాకా గోడలు మొదలయ్యేలోపు. ఈ కాగితం మేస్త్రి చేతికే ఇచ్చేస్తే మీకు గుర్తు పెట్టుకునే తిప్పలూ ఉండవు.