చెరువు గట్టున మొదటి గాలపు కర్ర

వానాకాలపు వరి ఇంటికి చేరి, యాసంగి నాట్లకు ఇంకను వ్యవధి ఉన్న రోజులలో కుకునూరుపల్లి చుట్టుపట్ల చెరువు గట్లపై గాలము పట్టుకొని కూర్చున్నవారు కనబడుచుందురు. వారిలో చదువుకొన్న యువ రైతులు కొందరు ఈ మధ్య నన్నొక ప్రశ్న అడుగుచున్నారు. పట్టణపు దుకాణములలో అమ్ము ఫ్లై రాడ్ కొనవచ్చునా, లేక మన వెదురు కర్ర చాలునా? పంటల అధికారిని చేపల సంగతి అడుగుట వింతగానే ఉన్నను, చెరువులో చేపయు ఒక పంటయే గనుక నాకు తెలిసినంత చెప్పుచున్నాను.

కర్ర కొనుటకు ముందు చేప ఎక్కడ మేయునో తెలియవలెను. బొచ్చె పై నీటిలోను, రవ్వ నడిమి నీటిలోను, మ్రిగాల అడుగున బురదలోను మేయును. రవ్వ, మ్రిగాలలు తౌడు, మక్కపిండి కలిపిన ముద్దకు వచ్చును. మన రాష్ట్ర చేపయైన కొర్రమట్ట మాత్రము కదలుచున్న ప్రాణిపైకి దూకును. కప్పపిల్లను చూచిన విడువదు. ఫ్లై అనగా ఈకలు, ఉన్ని, దారములతో గాలపు ముల్లుపై కట్టిన దొంగ పురుగు. పురుగునకై పైకి చూచు పరిక వంటి చిన్న చేపలును, కొర్రమట్టయు దీనికి చిక్కవచ్చును. అడుగున మేయు మ్రిగాలకు దానిని పగలంతయు చూపినను ప్రయోజనము ఉండదు. కాబట్టి మన చెరువులకు మొదటి కర్ర వెదురుదే కావలెనని నా అభిప్రాయము. ఫ్లై రాడ్ రెండవది.

వెదురు కర్ర ఎంపిక

ఏడాది నిండని లేత వెదురు ఎండిన పిదప ముడుతలు పడి వంకర పోవును. రెండు మూడేండ్లు ముదిరినదై, లోపలి డొల్ల తక్కువగా ఉండి, కణుపులు దగ్గరగా ఉన్న గట్టి వెదురును ఏరవలెను. వానలు వెనుకబడి చలి ప్రవేశించిన తరువాత నరికినచో బొంగులో పిండి పదార్థము తక్కువగా ఉండి పుచ్చు అంతగా పట్టదు. కొన్ని రోజులు నీటిలో నానవేసి, నీడను ఆరబెట్టవలెను. ఎండలో వేసిన పగులును. వంకరలున్న చోట సన్నని సెగ చూపి నెమ్మదిగా సరిచేసి, అవిసె నూనె పట్టించిన చాలును.

పొడవు పది పన్నెండు అడుగులు మించనక్కరలేదు. రాతి కట్టడమున్న గట్టు మీదినుండి వేయుటకు ఇది సరిపోవును. తుమ్మచెట్ల క్రింద కూర్చుండువారికి ఎనిమిది అడుగులే మేలు. కర్రను నడుము ఎత్తున పట్టుకొని పావుగంట నిలువవలెను. మణికట్టు లాగినచో ఆ కర్ర మీది కాదు. పిమ్మట కొసకు దారముతో అరకిలో రాయి కట్టి మెల్లగా ఎత్తి చూడవలెను. కర్ర కొసనుండి నడిమి వరకు విల్లువలె వంగవలెను. ఒక్క కణుపు వద్దనే మూలగా వంగినచో అక్కడనే విరుగును.

నేను ఈ పరీక్ష చేయకయే పొడవును చూచి మురిసి పన్నెండడుగుల డొల్ల బొంగు ఒకటి తెచ్చుకొంటిని. మొదటి వారమే మంచి కొర్రమట్ట పడినది. కొస పుటుక్కున విరిగి, దారముతో సహా చేప తామరాకుల క్రిందికి పోయినది. గట్టుపై వల బాగు చేసికొనుచున్న ముసలి ముదిరాజు ఒకరు నవ్వి, "సారూ, పొడుగు జూడొద్దు, కొస జూడుండ్రి. దారం కొసకే కడ్తరా ఎవరన్న?" అనినాడు. ఆయన చూపిన పద్ధతి ఏమనగా, దారమును కొసకు ముడివేసి, కర్ర పొడుగునను తెచ్చి, పిడి వద్ద మరల ముడివేయవలెను. కొస విరిగినను చేప చేతిలోనే ఉండును. నేటికిని నేనట్లే కట్టుచున్నాను.

ఫ్లై రాడ్ సంగతి

మామూలు గాలములో సీసపు గుండు తన బరువుతో దారమును లాగికొనిపోవును. ఈక పురుగునకు బరువే లేదు. అందువలన బరువు దారములోనే ఉండును. ఆ దారము ప్లాస్టిక్ పూతతో లావుగా ఉండి, నంబర్ల వారీగా దొరకును. మొదటి 30 అడుగుల తూకమును బట్టి నంబరు నిర్ణయింతురు. 5వ నంబరు సుమారు 9 గ్రాములు, 8వ నంబరు సుమారు 13.5 గ్రాములు తూగును. కర్రపైనను ఇదే నంబరు ముద్రించి ఉండును. రెండును కలియవలెను. 5వ నంబరు కర్రకు 8వ నంబరు దారము ఎక్కించుట కోడెదూడను ఎడ్లబండికి కట్టినట్లే. దారము మరీ తేలికయైనచో కర్ర వంగనే వంగదు, దారము ముందుకు పోదు.

నేర్చుకొనువారు తొమ్మిది అడుగుల 5 లేక 6వ నంబరు కర్ర తీసికొనవలెను. మిక్కిలి బిరుసుగా ఉండు కర్ర నిపుణులకు గాని మనకు కాదు. కర్ర వంగుట చేతికి తెలిసిననే విసరు పట్టుబడును. చుట్టు రీలు దారము దాచు పెట్టె వంటిది, దానిపై డబ్బు పోయనక్కరలేదు. మిగిలినది మంచి దారమునకు పెట్టుడు. కొర్రమట్టకని 8వ నంబరు తరువాత కొనవచ్చును. ముల్లు కట్టక, ఎర్ర ఉన్ని ముక్క కట్టి, వరి కోసిన మడిలో విసరు నేర్చుకొనవలెను. దారము ముందునకు ఎంత పోవునో వెనుకకును దాదాపు అంత పోవును. గట్టు వెనుక ఈతచెట్లు ఉన్నచోట ఇది సాగదు.

గాలముతో చెరువు చేపలు పట్టు విద్య మన దేశములో క్రొత్త కాదు. మద్రాసు సివిల్ సర్వీసులో ఉండిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అను గ్రంథమును, 1887లో కేవలము చెరువులలో గాలము వేయుటను గూర్చి మరియొక గ్రంథమును ప్రచురించెను.

ప్రాణమునకు సంబంధించిన మాట

దుకాణపు కర్రలు చాలవరకు కార్బనుతో చేసినవి. కార్బను గుండా కరెంటు పారును. తడిసిన వెదురును నమ్మదగినది కాదు. మోటార్లకు పోవు 11 కె.వి. తీగలు అనేక చోట్ల గట్టు మీదుగనే పోవుచున్నవి. తీగ క్రింద కర్ర ఎత్తరాదు, జోడించిన కర్రతో తీగ దాటరాదు. ఉరుము వినబడిన వెంటనే కర్ర క్రింద పెట్టి గట్టు దిగవలెను. ముల్లు చిక్కుకొన్నదని నీటిలో దిగుట అంతకన్న ప్రమాదము. 2025 జనవరిలో కొండపోచమ్మ సాగర్‌లో దిగిన అయిదుగురు యువకులు మునిగి మరణించిరి. పెద్ద జలాశయముల వాలు కట్టలు జారును, లోతు హఠాత్తుగా పెరుగును. ముల్లు పోయినచో పోనిండు.

చెరువులు పెక్కు మత్స్య సహకార సంఘముల హక్కులో ఉన్నవి. 2016-17 నుండి ప్రభుత్వము చెరువులలో ఉచితముగా చేపపిల్లలను వదలుట మొదలుపెట్టినది సభ్యుల జీవనమునకే. గాలము వేయకముందు సంఘము వారిని అడుగవలెను. వారు వద్దనిన మానవలెను. గ్రామాధికారులు ఈ సంగతి ముందే తెలిపినచో తగవులు రావు.

పని ముగిసిన పిదప వెదురు కర్రను గోడకు ఆనించి ఉంచినచో నెలలో వంగిపోవును. తుడిచి, వాసమునకు రెండు మూడు చోట్ల త్రాడుతో అడ్డముగా వేలాడదీయవలెను. పొయ్యి పొగ తగులు చోటైన పుచ్చు దగ్గరకు రాదు.