అతుకు విడిపోతే తప్పు క్లాంపుది కాకపోవచ్చు

ప్రశ్న: మాది అరకులోయ. కాఫీ తోటలో కొట్టిన సిల్వర్ ఓక్ పలకల్ని డిసెంబరులో ఫెవికాల్‌తో అతికించి టేబుల్ పైబల్ల చేశాను. వేసవికి అతుకులు విడిపోయాయి. క్లాంపులు ఇంకా గట్టిగా బిగించాలా?

జవాబు: వద్దండీ. అతిగా బిగిస్తే జిగురు బయటికి కారిపోయి అతుకు వట్టిపోతుంది. ముందు జిగురు లేకుండా పలకలు ఆనించి, వెలుతురుకి ఎత్తి చూడండి. సందు కనిపిస్తే మళ్లీ చిత్రిక పట్టాల్సిందే. క్లాంపు ఆ పని చేయదు. బిగించాక అంచు పొడవునా జిగురు సన్నని బొట్లుగా పైకొస్తే చాలు.

నాకు అసలు అనుమానం చెక్క పచ్చి మీద, మీ చలి మీద. అంగుళం మందం పలక నీడలో గాలికి ఆరడానికి సుమారు ఏడాది పడుతుంది. పచ్చి పలక తర్వాత కుంచించుకుపోతుంటే ఏ క్లాంపూ ఆపలేదు. ఇక పది డిగ్రీల లోపు చలిలో తెల్లజిగురు సుద్దలా పొడిబారుతుంది. మధ్యాహ్నం అతికించండి, రాత్రి పొయ్యి ఉన్న గదిలో ఉంచండి, మర్నాటిదాకా విప్పకండి.

నాలుగడుగుల బల్లకి ఐదు పైపు క్లాంపులు సరిపోతాయి. ఒకటి పైన, ఒకటి కింద పెట్టుకుంటూ పోతే బల్ల వంగదు. ఇనుము తగిలే చోట పాలిథిన్ ముక్క వేయండి, లేకుంటే నల్లమచ్చ పడుతుంది. కొనే స్తోమత లేకపోతే మందపు దుంగపలక మీద రెండు చివరలా దిమ్మలు బిగించి, మధ్యలో అతికించే పలకలు పెట్టి, పలకకీ దిమ్మకీ నడుమ ఏటవాలుగా కోసిన చెక్కల జతని ఎదురెదురుగా కొట్టండి. నా లెక్కలో అదీ మంచి క్లాంపే.