కడపట చదివిన పుస్తకములో నేమి కంటివి?

ఇంట నొక పండున్నప్పుడు దానిని తోబుట్టువులతో పంచుకొని తినవలెనని మన తల్లులు మనకు పసితనముననే నేర్పుదురు. పుస్తకముల విషయమున మాత్రము ఈ పాఠమును మనము తఱచుగా మఱచుచుందుము. పండును పంచినచో మన పాలు తగ్గును. పుస్తకములో దొరకిన మంచి సంగతిని పంచినచో మన పాలు తగ్గకపోవుటయే కాక, ఇతరులకు చెప్పుటచేత అది మనకే మఱింత తేటపడును. పాఠము చెప్పువారమగుటచేత ఇది మాకు ప్రతిదినమును అనుభవమే. స్నేహితులు తాము చదివినదానిని ఒకరికొకరు ఎట్లు చెప్పుకొనవలెనో ఈ వ్యాసమున కొంచెము విచారింతము.

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున 1727వ సంవత్సరమున బెంజమిన్ ఫ్రాంక్లిన్ అను యువకుడు తన స్నేహితులను కొందఱిని కూర్చి ‘జంటో’ అను పేర నొక చిన్న సంఘమును స్థాపించెను. అప్పటికాతని వయస్సు 21 సంవత్సరములు. అతడు అచ్చుకూటములో పనిచేయువాడు. బడిచదువు పదియేండ్లకే ముగిసెను. అతని మిత్రులలో జోళ్లు కుట్టువాడొకడు, అద్దములు బిగించువాడొకడు, వడ్రంగి యొకడు ఉండిరి. వారు శుక్రవారము సాయంకాలములందు కూడుకొనుచుండిరి. సంఘములో నడుగుటకై వారు కొన్ని ప్రశ్నలు వ్రాసిపెట్టుకొనిరి. సభ్యుడు కడపట చదివిన గ్రంథమున మిత్రులకు చెప్పదగిన విశేషమేదైన కనబడెనా యనునది వానిలో మొదటిది. ఎన్ని పుస్తకములు చదివితివని కాదు, ఏమి కంటివని వారి ప్రశ్న. ఈ భేదమును విద్యార్థులు గమనింతురుగాక.

ఆ దినములలో అక్కడివారు మంచి పుస్తకములను ఇంగ్లండునుండి తెప్పించుకొనవలసియుండెను. కావున ఆ మిత్రులు తమ తమ పుస్తకములనన్నిటిని ఒక గదిలో చేర్చి అందఱును వాడుకొనునట్లు ఏర్పాటు చేసికొనిరి. అయితే వానిని తగిన జాగ్రత్తతో చూచువారు లేకపోయిరి. ఇంచుమించుగా ఒక యేడాదికి ఎవరి పుస్తకములను వారు ఇంటికి తీసికొనిపోయిరి. ఫ్రాంక్లిన్ నిరుత్సాహపడలేదు. 1731లో 50 మంది చందాదారులను కూర్చెను. ఒక్కొక్కరు మొదట 40 షిల్లింగులును, పిదప ఏటేట 10 షిల్లింగులును ఇచ్చునట్లు నియమము చేసి గ్రంథాలయమును నెలకొల్పెను. అట్టి చందా గ్రంథాలయములకు ఆ దేశమున అదియే దారిచూపెను. ఎరువు తెచ్చిన పుస్తకమును నలిపివేయువాడు దాని యజమానునికి మాత్రమే కాక, తరువాత చదువవలసినవారికందఱికిని నష్టము చేయుచున్నాడని ఈ వృత్తాంతమువలన తెలియుచున్నది.

ఇక ఇంగ్లండు దేశపు సంగతి యొకటి. జాన్ కీట్సు అను కవి గుఱ్ఱపుసాల నడుపువాని కుమారుడు. అతడు చదివిన బడి పెద్దయొక్క కుమారుడు చార్లెసు కౌడెన్ క్లార్కు. ఇతడు కీట్సుకంటె ఎనిమిదేండ్లు పెద్దవాడైనను ప్రాణమిత్రుడు. 1816వ సంవత్సరము అక్టోబరు మాసమున, గ్రీకు మహాకవియగు హోమరు కావ్యములకు చాప్‌మన్ చేసిన ఆంగ్లానువాదమొకటి క్లార్కు చేతికి ఎరువుగా వచ్చెను. అతడు దానిని ఒంటరిగ చదువక మిత్రుని పిలిచెను. ఇరువురును మంచి మంచి ఘట్టములను వెదకి చదువుకొనుచు రాత్రియంతయు గడపిరి. తెల్లవారుజామున కీట్సు ఇల్లు చేరెను. పది గంటలకు క్లార్కు ఉదయ ఫలహారమునకు వచ్చుసరికి, ఆ పఠనానందమును వర్ణించు పదునాలుగు పంక్తుల పద్యము బల్లమీద నుండెను! ఆంగ్ల సాహిత్యము చదువువారు దానిని నేటికిని చదువుచున్నారు. క్లార్కు ఆ రాత్రి పుస్తకమును దాచుకొనియుండినయెడల ఆ పద్యము పుట్టియుండదు.

ఇంతవరకు ఇతరుల సంగతి చెప్పితిమి. మా తప్పు నొకటి చెప్పకుండుట న్యాయము కాదు. కొన్నియేండ్ల క్రిందట మా తరగతిలో ఒక నేతపనివారి బాలుడుండెను. ఒకనాడు విరామ సమయమున అతడు అట్టయు మొదటి పుటలును పోయిన యొక పాతపుస్తకమును పట్టుకొని వచ్చి, “మాష్టరుగారూ, ఇందులో తేనెటీగల సంగతి యున్నది, చెప్పుదునా?” అని యడిగెను. పరీక్షలు దగ్గఱపడినవి. మేము నోటుపుస్తకములు దిద్దుచుంటిమి. తలయెత్తకయే, “ముందు నీ లెక్కలు సరిచూచుకొనుము” అంటిమి. అతడు లెక్కలు సరిచూచుకొనెను. కాని ఆ పిమ్మట కొన్ని మాసములవరకు ఏ పుస్తకపు మాటయు మా యెదుట ఎత్తలేదు.

ఆ బాలుడు సాయంకాలములందు చెఱువుగట్టున నలుగురైదుగురు చిన్నపిల్లలను కూర్చుండబెట్టుకొని ఆ పుస్తకమునే చదివి వినిపించుచున్నాడని తరువాత తెలిసెను. మేము సిగ్గుపడి ఒకనాడు అక్కడికి పోయి, “మాకును చోటున్నదా?” అని యడిగితిమి. అతడు కొంతసేపు ఊరకుండి, పిదప జరిగి చోటిచ్చెను. పూలున్న తావును కనుగొన్న తేనెటీగ పట్టునకు తిరిగివచ్చి యొకవిధమగు నాట్యము చేయుననియు, దానివలన మిగిలిన యీగలు ఆ పూలు ఏ దిక్కున ఎంత దూరమున నున్నవో తెలిసికొని పోవుననియు అతడు చదివి వినిపించెను. ఈ నాట్యభాషను వివరించిన కార్ల్ ఫాన్ ఫ్రిష్ అను శాస్త్రజ్ఞునికి 1973లో నోబెలు బహుమానము వచ్చినది. ఆనాడు మేము వినిన పాఠమును ఇంకను మఱువలేదు.

విద్యార్థులారా! మీరు చదివి చూడని పుస్తకమును పొగడకుడు. “బాగున్నది” అని ఊరకొనక, ఎక్కడ ఏమి బాగున్నదో ఆ పుట తీసి చూపుడు. మీ స్నేహితునికి అది నచ్చకపోయిన కోపింపక, ఏల నచ్చలేదో అడుగుడు. తెచ్చుకొన్న పుస్తకమును చెప్పిన దినమునకు శుభ్రముగా తిరిగి యిండు.

తల్లిదండ్రులకును మా మనవి యొకటి. మీకు చదువు వచ్చినను రాకున్నను, రాత్రి భోజనమువేళ మీ బిడ్డను, “ఈ దినము చదివినదానిలో నేమి కంటివి?” అని యడుగుడు. అడుగుటకు అక్షరములు రానక్కఱలేదు, వినుటకు తీరిక యుండిన చాలును. తోటి యుపాధ్యాయులారా! నోటుపుస్తకములు మఱునాడైనను దిద్దవచ్చును. చెప్పవచ్చిన బాలుని ఉత్సాహము మఱునాటివఱకు నిలుచునని నమ్మరాదు.