పాత నంబరు, కొత్త నంబరు

చి. వసుధకు,

మద్రాసులో ఆదివారాలు తోచడం లేదని రాశావు. పొద్దున్నే ప్యారిస్ కార్నర్‌లో బస్సు దిగి జార్జిటౌన్ వీధుల్లోకి నడువమ్మా. ఆ రోజు చాలా దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి తలెత్తి చూస్తూ నడవడానికి వీలవుతుంది.

బోర్డుల మీద పెద్దక్షరాలు వదిలేసి, అడుగున సన్నగా రాసిన చిరునామా చదువు. కులం పేర్లు ఉండకూడదని ప్రభుత్వం నిర్ణయించాక చాలా వీధి పలకల మీద ‘చెట్టి’, ‘నాయకన్’ వంటి తోకలు పోయాయి. దుకాణాల బోర్డుల మీద మాత్రం లింగిచెట్టి వీధి, గోవిందప్ప నాయకన్ వీధి అలాగే ఉండిపోయాయి. ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. కానీ పాత కాగితాల్లో వీధిని వెతకాలంటే పూర్తి పేరు తెలిసి తీరాలి.

గుమ్మాల మీద రెండేసి నంబర్లు కనిపిస్తాయి, పాతదీ కొత్తదీ. నీకు పనికొచ్చేది పాతదే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1914లో ఆంధ్రపత్రికను మద్రాసులో దినపత్రికగా మొదలుపెట్టారు. 1924లో ‘భారతి’ వచ్చింది. ఆ పత్రికల కార్యాలయం ఉండేది తంబుచెట్టి వీధిలోనే. ఏదైనా లైబ్రరీలో పాత భారతి సంచిక తీసి, అందులో అచ్చయిన ఇంటి నంబరు రాసుకుని వెళ్లు. ఇప్పటి నంబర్లతో పోల్చి ఆ స్థలమేదో నువ్వే తేల్చాలని నా కోరిక. తెలుగువాళ్లు అంత చదువుకున్న పత్రికల చోటు మన పిల్లలకు తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

బోర్డు వయసు చెప్పేటప్పుడు తొందరపడకు. పిన్‌కోడ్ వచ్చింది 1972లో. అయినా అలవాటు కొద్దీ ఆ తర్వాత కూడా పాత పద్ధతిలో ‘మద్రాసు-1’ అనే రాసినవాళ్లున్నారు. ఫోన్ నంబరులో ఎన్ని అంకెలున్నాయో కూడా చూడు. ఇప్పుడు ఎనిమిది, అప్పట్లో ఐదో ఆరో ఉండేవి. రెండు ఆధారాలు కలిస్తేనే కాలం రాసుకో.

ప్యారిస్ కార్నర్‌లోనే, డేర్ హౌస్ దగ్గర, 1773 నాటి హద్దురాయి ఒకటుంది. ఫ్రెంచివాళ్లు ఒకసారి ఇక్కడి ఇంగ్లీషువాళ్ల కోటను పట్టుకున్నాక, మళ్లీ శత్రువు వస్తే ఫిరంగులకు ఎదురుగా ఇళ్లు అడ్డం ఉండకూడదని ఇంగ్లీషువాళ్లు కోట ముందున్న పాత పేటను పడగొట్టారు. తర్వాత అక్కడ ఎవరూ కట్టకుండా హద్దుగా ఆరు రాళ్లు పాతారు. మిగిలింది ఇదొక్కటే. హైకోర్టు ప్రహరీకి ఇంకో పలక ఉంది, 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ నౌక ఎమ్డెన్ ఊరిమీద గుండ్లు పేల్చినందుకు గుర్తుగా. దాని ముందునుంచి రోజూ ఎందరో నడిచిపోతుంటారు, చదివేవాళ్లు తక్కువ.

తెరిచి ఉన్న దుకాణమైతే ముందు లోపలికెళ్లి పెద్దాయన్ని పలకరించు, ఫొటో ఆ తర్వాత. ఆ బోర్డు ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో ఆయన్ని అడిగితేనే తెలుస్తుంది. ఫొటో తీసిన తేదీ, వీధి పూర్తి పేరు, రెండు నంబర్లూ అదేరోజు రాసిపెట్టు. తంబుచెట్టి వీధి పని మాత్రం అక్టోబరులోపు ముగించు. వానలు పట్టుకుంటే అక్కడ నడవడం కష్టం.

ఆశీస్సులతో,
పెదనాన్న