బుక్ క్రికెట్ నేర్పే సంభావ్యత

తరగతిలో వెనక బెంచీ మీద బుక్ క్రికెట్ ఆడని వాళ్లు మన దగ్గర తక్కువే. పుస్తకం తెరిచి ఎడమ పేజీ సంఖ్యలో చివరి అంకె చూడాలి. ఎడమ పేజీలన్నీ సరి సంఖ్యలే కాబట్టి వచ్చేవి ఐదే: 0, 2, 4, 6, 8. సున్నా వస్తే అవుట్. ఎనిమిదికి ఒక్కోచోట ఒక్కో రూలు. ఇక్కడ ఒక పరుగు అనుకుందాం.

ఈ ఐదు అంకెలూ సమానంగా వస్తాయనుకుంటే, ఏ బంతికైనా అవుటయ్యే సంభావ్యత 1/5. అంటే బ్యాటర్ సగటున నాలుగు బంతులకు పరుగులు తీసి ఐదో బంతికి అవుటవుతాడు. ఒక్కో బంతికి సగటు (2+4+6+1)/4, అంటే 3.25 పరుగులు. నాలుగింటికి 13. పది వికెట్లకు 130.

ఇప్పుడు ఆడి చూడండి. ఒక ఇన్నింగ్స్ 80 దగ్గరే ముగుస్తుంది, మరొకటి 180 దాటుతుంది. లెక్క తప్పు కాదు. ఈ ఆటలో జట్టు స్కోరు ప్రామాణిక విచలనం దాదాపు 48 పరుగులు. 100 ఇన్నింగ్స్ ఆడి సగటు తీస్తే ఆ సగటులో ఊగిసలాట అందులో పదో వంతుకు, దాదాపు ఐదు పరుగులకు తగ్గుతుంది. నూరు రెట్ల శ్రమకు పది రెట్ల ఫలితమే! అందుకే ఈ పని కంప్యూటర్‌కు అప్పగిస్తారు.

పుస్తకంతో ఇంకో చిక్కుంది. బైండింగ్ వదులైన చోటే అది పదేపదే తెరుచుకుంటుంది. సొంత పుస్తకంతోనే ఆడతానని పట్టుబట్టేవాడికి ఈ సంగతి బాగా తెలుసు. గణాంకవేత్తలకూ ఇదే బెడద. అందుకే 1927లో టిప్పెట్ 41,600 యాదృచ్ఛిక అంకెలతో ఒక పట్టికే ప్రచురించారు. ఇప్పుడు స్ప్రెడ్‌షీట్‌లోని ర్యాండ్‌బిట్వీన్ ఫంక్షన్ చాలు.

దానితో అసలు క్రికెట్‌కు దగ్గరగా వెళ్లవచ్చు. 0 నుంచి 99 వరకు ఉన్న సంఖ్యల్లో 0–39 వస్తే పరుగు లేదు, 40–74 ఒకటి, 75–80 రెండు, 81–91 ఫోర్, 92–95 సిక్స్, 96–99 అవుట్ అనుకుందాం. ఈ ఊహాజనిత బ్యాటర్ వంద బంతులకు సగటున 115 పరుగులు చేస్తాడు. చివరి ఓవర్లో 12 కావాలి, చేతిలో రెండే వికెట్లు, వచ్చే బ్యాటర్లూ ఇలాంటివాళ్లే. గెలిచే అవకాశమెంత? సూత్రంతో కట్టాలంటే తల తిరుగుతుంది. ఆరేసి సంఖ్యల వరుసలు వెయ్యి తీయండి. రెండో వికెట్ పడగానే ఆ వరుసను ఆపి, ఎన్నింటిలో 12 వచ్చాయో లెక్కపెట్టండి. 1946లో స్టానిస్లా ఉలామ్‌కు పేకాట ఆడుతుండగా తట్టిన మోంటే కార్లో పద్ధతి ఇదే.

ఒక్క విషయం: ఈ నమూనాలో ప్రతి బంతీ ముందు బంతిని మరచిపోతుంది. సిక్స్ కొట్టాక బౌలర్ లెంగ్త్ మారుస్తాడని దానికి తెలియదు. అది కూడా చేర్చాలంటే పై పట్టికను ఎలా మారుస్తారు?